సరంగు తాత సగం ఫొటో

ఆ రోజుల్లో ఒక పెళ్ళంతా ఒక్క మెమరీ కార్డులో ఉండేది. ఆ కార్డు మా స్టూడియో సారు చొక్కా జేబులో ఉండేది. ఆ జేబులోనే వక్కపొడి పొట్లం కూడా ఉండేది. ఈ మాట ఇప్పుడు నా దగ్గర చదువుకునే పిల్లలకి చెబితే కళ్ళు పెద్దవి చేసి, “మరి బ్యాకప్ మేడమ్?” అంటారు. ఎందుకు లేదు, వక్కపొడికి ఉండేది బ్యాకప్, రెండో జేబులో ఇంకో పొట్లం! పెళ్ళికి మాత్రం ఉండేది కాదు. రాజమండ్రిలో ఒక కాలేజీలో కంప్యూటర్ జ్ఞాపకశక్తి గురించి పాఠాలు చెబుతూ బతుకుతున్న నేను, ఆ జ్ఞాపకశక్తిని మొట్టమొదట నా చేతులతో నేనే తుడిచేశానన్న సంగతి పిల్లలకి చెప్పను. మీరు సొంతమనుషుల్లాంటివాళ్ళు కాబట్టి మీకు చెబుతున్నాను.

డిప్లొమా అప్పుడే పాసయ్యాను. పాలకొల్లులో ఒక ఫొటో స్టూడియోలో కంప్యూటర్ మీద పెళ్ళి ఆల్బములు చేసే పని ఉందంటే వెళ్ళాను. సారు అడిగిన ప్రశ్న ఒక్కటే: “హార్డ్ డిస్కుకీ ర్యాముకీ తేడా ఏంటమ్మా?” నేను గుక్క తిప్పుకోకుండా చెప్పాను. “హార్డ్ డిస్కు గాదె లాంటిదండి. పోసింది పోసినట్టే ఉంటుంది, కరెంటు ఉన్నా పోయినా దానికేం పట్టదు. ర్యాము అరిటాకండి. గాదెలో కూర్చుని భోంచెయ్యలేం కదండి, కావలసినంత తెచ్చుకుని ఆకులో వడ్డించుకుంటాం. కరెంటు పోయిందంటే ఆకు ఎత్తేసినట్టే.” సారు నవ్వుతూ, “మరి మెమరీ కార్డు?” అన్నారు. “క్యారేజీ అండి. గాదె అంత పట్టదు గానీ చేత్తో పట్టుకుపోవచ్చు, కరెంటు లేకపోయినా పెట్టింది పెట్టినట్టే ఉంచుతుంది.” సారు ముచ్చటపడిపోయి నెల రోజులు పని చూస్తాను, నచ్చితే ఉంచుకుంటానన్నారు. ఆ రోజు నుంచి స్టూడియోలో నా పేరు చదువుకున్నమ్మాయి. ఇంట్లో మా నాన్న మాత్రం, “నెలయ్యాక తనే వచ్చేస్తుందిలే” అని అమ్మతో అనడం వంటింట్లోంచి నా చెవిన పడింది. వినపడనట్టే ఊరుకున్నాను గానీ, ఆ మాట నాకు బాగా రోషం తెప్పించింది.

నా నెలలో ఇరవయ్యో రోజో ఎంతో అయ్యేసరికి దసరా వచ్చింది. పండక్కి రెండు రోజుల ముందు సారు నరసాపురం అవతల, సముద్రం పక్క ఊళ్ళో ఒక పెళ్ళి తీసి వచ్చారు. ఆ ఫొటోలు కంప్యూటర్లోకి ఎక్కించలేదు. ఎందుకంటే హార్డ్ డిస్కు నిండిపోయింది. (ఏంతో నిండిందో తరవాత చెబుతాను.) “పండగ వెళ్ళాక చూద్దాంలే” అని కార్డు బల్ల మీద పెట్టారు. దసరా ముందు రోజు ఆయుధ పూజ. పనిముట్లన్నీ పీట మీద పెట్టి పూజ చేసి, ఆ రోజంతా ముట్టకుండా ఉంచడం మన ఆచారం కదా. పూజ పెత్తనం సారు వాళ్ళమ్మగారిది, ఆవిణ్ణి అందరం మామ్మగారనే వాళ్ళం. కడగని వస్తువుని మామ్మగారు పీట ఎక్కనివ్వరు. కెమెరాని బకెట్లో ముంచబోతే సారు కాళ్ళావేళ్ళా పడి ఆపారు. ఆ గొడవలో కార్డు సంగతి ఎవరూ చూసుకోలేదు. దాని వెనక వేలిగోరంత మేర బంగారు రంగులో మెరిసే గీతలుంటాయి. అవి ఇత్తడనుకుని మామ్మగారు చింతపండు వేసి శుభ్రంగా తోమి, నీళ్ళలో జాడించి, పసుపు రాసి, బొట్టు పెట్టి, పువ్వు కూడా పెట్టారు. అంత అందమైన మెమరీ కార్డుని నేను మళ్ళీ ఈ జన్మలో చూడలేదు.

మర్నాడు పొద్దున్న, దసరా రోజు, పీట మీద కార్డు చూసేసరికి సారుకి వక్కపొడి గొంతుకి అడ్డం పడింది. నేను తొణకలేదు. “కంగారు పడకండి సార్. హార్డ్ డిస్కులోలాగా ఇందులో తిరిగే పళ్ళెం ఉండదండి. లోపల కోట్ల కొద్దీ బుల్లి బుల్లి గదులుంటాయి, వాటిలో కరెంటు చుక్కల్ని బంధించేస్తారు. ఏ గదిలో చుక్క ఉంది, ఏ గదిలో లేదు, అదే ఫొటో అంటే. అవి చింతపండుకి కరగవండి. పైన గీతలకి పట్టిన పసుపు పోతే చాలు” అని, కంప్యూటర్ రిపేరు చేసేవాళ్ళంతా వాడే మహాయుధం తీశాను. అదే పెన్సిలు రాతలు చెరిపే రబ్బరు. గీతల మీద దాంతో రుద్ది రుద్ది మెరిపించాను. సారు మామ్మగారితో దెబ్బలాడడానికి లోపలికి వెళ్ళారు, నేను కార్డు కంప్యూటర్లో పెట్టాను. తెర మీద ఒక చిన్న డబ్బా వచ్చి, ‘ఈ డిస్కు వాడాలంటే ముందు ఫార్మాట్ చెయ్యాలి, చెయ్యమంటారా?’ అని ఇంగ్లీషులో అడిగింది.

ఇక్కడే నా పెంపకం నన్ను ముంచింది. మా వైపు ఇళ్ళలో గరిటె పట్టుకుని ఎదురుగా నిలబడి, “ఇంకొంచెం వెయ్యమంటారాండి?” అని అడిగితే, కడుపు నిండి కళ్ళు తేలేస్తున్నా, “వెయ్యండి” అనాలి. కాదంటే అవతలివాళ్ళు చిన్నబుచ్చుకుంటారు. పుట్టినప్పటి నుంచీ అంత మర్యాదగా అడిగినవాళ్ళని కాదన్న పాపాన పోలేదు నేను. మిషను ఎంతో మర్యాదగా అడిగింది, నేను అంతే మర్యాదగా అవునని నొక్కాను. పని అయిపోయిందంది. కార్డు బాగుపడిందో లేదో చూద్దామని, పూజకోసం చేసిన అమ్మవారి బొమ్మ ఒకటి కంప్యూటర్లో ఉంటే అది కార్డులోకి పంపించాను. చక్కగా వెళ్ళింది. నా భుజం నేనే తట్టుకుని, “సార్, కార్డు బ్రహ్మాండంగా పని చేస్తోందండి!” అని కేకేశాను. సారు పరుగున వచ్చి చూసి, “అమ్మవారు సరే, పెళ్ళేదమ్మా?” అన్నారు. అప్పుడు చూశాను. కార్డులో అమ్మవారు తప్ప ఎవరూ లేరు.

సరిగ్గా అప్పుడే గుమ్మంలోంచి, “నా బొమ్మ అయిపోయిందాండి?” అని వినిపించింది. వచ్చింది పెళ్ళికూతురి తాతగారు. ఏళ్ళ తరబడి సముద్రంలో పడవ నడిపించిన మనిషి కాబట్టి ఊరంతా సరంగు తాత అంటారు. తెల్లటి మెలి తిరిగిన మీసం, భుజాన తువ్వాలు. ఆయన జన్మలో ఫొటో దిగింది రెండే రెండుసార్లు. మొదటిది రేషన్ కార్డుకి. (“అందులో నన్ను చూత్తే నేనే పోలీసులకి పట్టిత్తానండి” అనేవారు.) ఆ దెబ్బకి మళ్ళీ దిగనని ఒట్టు పెట్టుకున్నారు. పెళ్ళినాడు మనవరాలు, “నువ్వు దిగకపోతే పీటల మీద కూర్చోను తాతా” అని మొండికేస్తే, మీసానికి నూనె రాసుకుని, “ఒక్క నొక్కుడేనండి, రెండోది లేదు” అని సారుతో ఒప్పందం చేసుకుని దిగారట. ఆ పిల్ల ఆ సాయంత్రమే కాకినాడ అత్తారింటికి వెళ్తోంది. “నా బొమ్మ దాని చేతిలో పెట్టి పంపిత్తానని మాటిచ్చేనండి” అని కుర్చీలో కూర్చున్నారు. సారు నావైపు చూశారు. నేను నేలవైపు చూశాను.

అబద్ధం ఆడదామని సారు నోరు తెరిచేలోపు నాకు ఏడుపు తన్నుకొచ్చి నిజం చెప్పేశాను. తాత తిట్టలేదు. మీసం మీద చెయ్యి వేసుకుని, “అయితే పోయినట్టేనా అమ్మాయ్?” అన్నారు. ఆ గొంతు వినేసరికి సిగ్గు పోయి, చదివిన చదువు గుర్తుకొచ్చింది. “పోలేదేమోనండి! తాతగారూ, మీరు సముద్రంలో వల వేసినప్పుడు అది ఎక్కడుందో ఎలా తెలుస్తుందండి?” అన్నాను. “పైన బెండ్లు తేల్తాయి కదా, అయ్యే ఆనవాలు.” “ఎవరైనా ఆ బెండ్లు కోసేస్తే?” “వల అడుగునే ఉంటాది. కనపడదంతే.” “ఇప్పుడు నేను చేసింది అదేనండి. ఫార్మాట్ కార్డు బెండ్లు మాత్రమే కోస్తుంది. ఏ ఫొటో ఎక్కడుందో చెప్పే జాబితా పోయింది, ఫొటోలు అడుగునే ఉన్నాయి. అడుగంతా గాలిస్తే దొరుకుతాయండి.” తాత కళ్ళు మెరిశాయి. ఒక్క క్షణం ఆలోచించి, “అంటే, దాని మీద ఇంకోడు వల వెయ్యకుండా చూడాలన్నమాట” అన్నారు. మా కాలేజీలో ఆ ముక్క అర్థం కావడానికి మాకు అర్ధ సంవత్సరం పట్టింది. తాత బడి గుమ్మం తొక్కని మనిషి. ఆయన నా మొదటి విద్యార్థి, ఇప్పటికీ ఆయనంత చురుకైనవాడు నాకు తగల్లేదు.

ఇక స్టూడియో తాత చేతికి వచ్చేసింది. పడవ మీద సరంగు మాటకి ఎదురుండదట. “ఎవరూ ఆ కార్డు ముట్టకండి. అమ్మాయ్, నువ్వు కానియ్” అన్నారు. పోయిన ఫొటోలు గాలించి తీసే ప్రోగ్రాము ఒకటి నా కాలేజీ సీడీల్లో ఉంది. అయితే తీసినవి తిరిగి కార్డులోనే పెట్టకూడదు, వల మీద వల పడుతుంది. హార్డ్ డిస్కులో పొయ్యాలి, అక్కడేమో చోటు లేదు. గాదెలో ఏముందా అని చూస్తే, సారు ఏళ్ళ తరబడి కూడబెట్టిన సినిమాలు! “అన్నీనా అమ్మా? పాతవి కూడానా?” అని సారు బతిమాలారు. తాత ఒక చూపు చూశారు. సారు తల తిప్పుకుని, “కానియ్యమ్మా” అన్నారు. ఒక్కొక్కటే తీసేస్తుంటే ఆయన పెదవుల మీదే పేర్లు చదువుకుని వీడ్కోలు చెప్పారు.

మధ్యాహ్నానికి గాలింపు సగం దాటింది. దొరికినవాటి చిట్టా తెర మీద ఒక్కో వరుసే పెరుగుతోంది, ఇంకా గాదెలోకి వెళ్ళలేదు, అంతా అరిటాకు మీదే ఉంది. కరెంటు పోయింది. యూపీఎస్ కుయ్యోమని మొత్తుకోవడం మొదలెట్టింది. అది ఎంతసేపు ఆగుతుందో దానికే తెలియదు. “దీనికి ఇంకేమేం తగిలించేరు?” అని అడిగారు తాత. ప్రింటరు పీకేశాం. ఫ్యాను పీకేశాం. అప్పుడు చూస్తే అమ్మవారి పటం చుట్టూ రంగు రంగుల సీరియల్ బల్బులు వెలుగుతున్నాయి. (పండగపూట పటం చీకట్లో ఉండకూడదని యూపీఎస్‌కి తగిలించింది ఎవరనుకున్నారు? చదువుకున్నమ్మాయే.) తాత తీగ మీద చెయ్యి వెయ్యగానే మామ్మగారు అడ్డం వచ్చారు. “దసరానాడు అమ్మవారి దగ్గర దీపం తీసేస్తావుటయ్యా!” తాత చేతులు జోడించి, “అమ్మవారికి నూనె దీపం ఉందిగదండీ మామ్మగారూ, ఈ మిషనుకి అదీ లేదు” అన్నారు. మామ్మగారు ఆలోచించి, తనే వచ్చి ప్లగ్గు లాగేశారు.

ఉక్కపోతలో ముగ్గురూ నా కుర్చీ వెనక నిలబడ్డారు. గాలింపు అయింది. అన్నీ ఎంచి, హార్డ్ డిస్కులోకి పంపమని నొక్కాను. గీత మెల్లగా నిండుతోంది, కూత జోరవుతోంది. గీత చివరికంటా వెళ్ళింది. నేను కంప్యూటర్ని పద్ధతిగా ఆపీ ఆపకముందే యూపీఎస్ కన్ను మూసింది. గంట తరవాత కరెంటు వచ్చాక తెరిచి చూస్తే, పెళ్ళి ఉంది! పీటలున్నాయి, తలంబ్రాలున్నాయి, విస్తళ్ళ ముందు చుట్టాలున్నారు. సారు చిన్నపిల్లాడిలా చప్పట్లు కొట్టారు. నేను సరంగు తాత ఫొటో కోసం వెతుకుతూ వెళ్ళి, ఒక దగ్గర ఆగిపోయాను.

పైసగం అద్భుతంగా ఉంది. మీసం, చూపు, భుజాన జరీ అంచు కండువా, పడవ ముందు నిలబడి దిక్కులు చూసే మనిషి ఠీవి. నడుము దగ్గర నుంచి కిందకి ఏమీ లేదు, ఒట్టి బూడిద రంగు. నాకు వెంటనే అర్థమైంది. ఖాళీ ఎక్కడ కనిపిస్తే అక్కడ ముక్క ముక్కగా దాస్తుంది కార్డు. తాత ఫొటో రెండో ముక్క ఉన్న చోటే, పరీక్ష కోసమని నేను పంపిన అమ్మవారి బొమ్మ వెళ్ళి కూర్చుంది. మిగతా ఫొటోలన్నీ వదిలి సరిగ్గా అక్కడే! తల తిప్పకుండానే చెప్పాను. “తాతగారూ, వల మీద వల వేసింది నేనేనండి. ఆ సగం ఇక రాదండి.” తాత తెర దగ్గరికి వంగి, తన మొహాన్ని తాను చాలాసేపు చూసుకున్నారు. తరవాత, “ఎందుకేడుత్తావే పిచ్చిపిల్లా” అన్నారు. “నడుం లోతు నీళ్ళల్లో నిలబడి వల లాగుతున్నట్టున్నాను. నా బతుకంతా అలాగే నిలబడ్డాను. ఇదే నా అసలు ఫొటో. మీ సారు తీసిందాన్లో మా అల్లుడి బూట్లేసుకున్నాను.”

సాయంత్రానికి అచ్చు తీసి అట్టపెట్టెలో పెట్టి ఇచ్చాం. అది కాకినాడలో మనవరాలి ముందుగదిలో ఉందని, వచ్చినవాళ్ళంతా సముద్రంలో తీసిన ఫొటోయేనా అని అడుగుతారని తరవాత తెలిసింది. తాత మళ్ళీ ఫొటో దిగలేదు. నా నెల ఆ పూటే పూర్తయిందనుకోమని, ఉద్యోగంలో ఉంచేసుకున్నారు సారు. ఆ వారంలో మా నాన్న ఏదో పని ఉన్నట్టు పాలకొల్లు వచ్చి, స్టూడియో ముందు నిలబడి, పక్క కొట్టాయనతో, “చింతపండుతో తోమిన పెళ్ళిని వెనక్కి తెచ్చింది మా అమ్మాయేనండి” అని చెప్పుకోవడం నేను లోపల్నుంచి విన్నాను. ఈసారి కూడా వినపడనట్టే ఊరుకున్నాను గానీ, ఆ మాట నాలో ఏ గదిలో దాక్కుందో ఇప్పటికీ చెరగలేదు.

ఆ సగం ఫొటోకి మూడు నకళ్ళు తీసి మూడు చోట్ల దాచాను, మూడూ మూడు ఊళ్ళలో. ఫార్మాట్ పాఠం వచ్చిన రోజున పిల్లలకి చూపిస్తాను, ఎవరి పొరపాటని మాత్రం చెప్పను. ఇప్పటికీ పాడైన కార్డు ఏది పెట్టినా మిషను అదే మర్యాదతో, ఫార్మాట్ చెయ్యమంటారా అని అడుగుతూ ఉంటుంది. ఇన్నేళ్ళ అనుభవం ఉన్న నేను మౌసు మీంచి చెయ్యి తీసేసి, ఒళ్ళో పెట్టుకుని, గదిలో ఎవరున్నా లేకపోయినా, “వద్దండి, కడుపు నిండిపోయింది” అని పైకే చెబుతాను.