దుమ్ము కొలిచే హన్నమ్మ

నంద్యాలలో హన్నమ్మను పేరు పెట్టి పిలిచేవాళ్లు ఎవరూ లేరు. ఊరందరికీ ఆమె ‘పొల్యూషన్ మేడం’. గాలీ నీళ్లూ ఎంత చెడ్డాయో కొలిచే సర్కారు జట్టుకు ఆమే పెద్ద. పెద్ద అంటే ఏదో అనుకునేరు, కింద ఉన్నది ఇద్దరే. మిషన్లు నడిపేది సురేంద్ర, జీపు నడిపేది ఎర్రయ్య. బండి ఆత్మకూరు కాలవ నీళ్ల నుంచి ఆళ్లగడ్డ రోడ్డు దుమ్ము దాకా అంతా ఈ ముగ్గురి నెత్తినే.

తొంభైల మొదట్లో ఉద్యోగంలో చేరినప్పుడు ఈ పని ఇట్లా మనుషుల్ని దూరం చేస్తుందని ఆమెకెవరూ చెప్పలేదు. టీ బంకు ముందు జీపు దిగితే చాలు, బెంచీ మీద మాటలు టక్కున ఆగిపోయేవి. ఎవరి మిల్లుకు మూడిందోనని అందరూ ఆమె మొహంలోకి చూసేవాళ్లు. ఇంటి ఓనరు కన్యకమ్మ మొదట్లో బాగానే ఉండేది. అలసందల కూర చేస్తే గిన్నెలో పెట్టుకుని మేడ మీదికి తెచ్చేది. ఆమె తమ్ముడి నూనెమిల్లు పొగకు నోటీసు వెళ్లిన నాటి నుంచి గిన్నె లేదు, పలకరింపూ లేదు. అయ్యో, ఆ గిన్నె కోసం హన్నమ్మ ఎంత ఎదురుచూసిందో! కూర కోసమా? కాదు. సాయంత్రం పూట మెట్ల మీద ఒక మనిషి అడుగుల చప్పుడు వినపడుతుందని.

అట్లాంటి మనిషికి ఆళ్లగడ్డలో కమలాక్షమ్మ దొరికింది.

ఆళ్లగడ్డ శిల్పుల చేతుల్లో ఉలీ సుత్తీ మాత్రమే ఉన్న రోజుల్లో రాతి పొడి కాళ్ల దగ్గరే రాలేది. కరెంటు కట్టర్లు వచ్చాక షెడ్లు పిండిమిల్లుల్లా తయారయ్యాయి. దేవుళ్లను చెక్కే మనుషులు రొమ్ము పట్టుకుని దగ్గుతున్నారు. జిల్లా ఆఫీసులో ఒక పథకం ఉంది. దుమ్ము హద్దు దాటిందని కొలిచి చూపిస్తే, షెడ్డు షెడ్డుకూ కట్టర్ మీద నీళ్లు పడే పైపు, దుమ్ము లాగే ఫ్యాను ఇస్తారు. మార్చిలోగా చూపించలేకపోతే పథకం ఇంకో జిల్లాకు పోతుంది. ఎట్లాగైనా దాన్ని ఆళ్లగడ్డకే తేవాలని హన్నమ్మ పట్టుదల.

మిషను పెట్టడానికి వీరాచారి షెడ్డును ఎంచుకుంది. ఆ వీధిలో అందరికంటే ఎక్కువ దగ్గేది అతనే. అతని భార్యే కమలాక్షమ్మ.

“మేడమేంది, మేడం? పేరు లేదా నీకు?” అని మొదటి రోజే నిలదీసింది.

“హన్నమ్మ.”

“కూచో హన్నమ్మక్కా. ఎండన పడొచ్చినావు,” అంటూ ఇత్తడి గ్లాసులో మజ్జిగ తెచ్చిచ్చింది. హన్నమ్మ ఒక్క గుక్కలో తాగేసింది. ఎన్నేళ్లయిందో, ఒకరు ఆమెను అక్కా అని!

కమలాక్షమ్మ మిషనుకు కూడా పసుపు పూసి బొట్టు పెట్టింది. ఆ రోజంతా మిషను గాలి పీల్చింది. సాయంత్రం లోపల దుమ్ము పట్టే కాగితం తీసి చూస్తే తెల్లగా ఉంది! రెండోసారి పెట్టారు. అదే తెలుపు. సురేంద్ర మిషను మొత్తం విప్పి చూశాడు, ఏ లోపమూ లేదు.

మూడోసారి వస్తామని చెప్పిన రోజు, ఎర్రయ్య ఎండకు భయపడి జీపును బాగా ముందే తీశాడు. వాళ్లు వెళ్లేసరికి కమలాక్షమ్మ చీర కుచ్చిళ్లు దోపుకుని షెడ్డంతా కడుగుతోంది. రాళ్ల మీద తడి గోనెలు కప్పి ఉన్నాయి. కట్టర్ గోడకు వేలాడుతోంది. వీరాచారి ఒక అమ్మవారి చెంపను తడిరాయితో రుద్దుతున్నాడు.

“ఏందక్కా, ఇంత బేగా వచ్చినావు? ఇంగా సగం కూడా కడగలే!”

“ఎందుకు కడగతాండావ్ కమలాక్షమ్మా?”

“ఇంటికొచ్చిన మనిషిని దుమ్ములో కూచోబెడ్తామా? నువ్వొచ్చిన దినం కట్టర్ ముట్టం గదా.”

హన్నమ్మ తల పట్టుకుంది. ఆమె మిషను ఇన్నాళ్లూ కొలిచింది దుమ్మును కాదు, ఈ ఇంటి మర్యాదను. దుమ్ము కనపడితేనే పైపులొస్తాయని, ఈయన దగ్గు తగ్గడానికే ఇదంతా అని మళ్లీ మళ్లీ చెప్పింది. వీరాచారి దగ్గు ఆపుకుని తలెత్తాడు.

“అమ్మా, ఈడ దేవుడు పుడతాడు. దేవుడు పుట్టే చోటు మురికిదని సర్కారు కాయితం మీద రాయించుకోమంటావా? ఆ పని మా చేతుల్తో చెయ్యం.”

పక్క షెడ్లలో అడిగితే వాళ్లదీ అదే మాట. పైగా కమలాక్షమ్మ వాళ్ల ‘హన్నమ్మక్క’ వస్తోందంటే వీధి వీధంతా నీళ్లు చల్లుకుంటోంది. “ఏదో ఒక అంకె రాసేద్దాం మేడం, ఎవరికి తెలుస్తాది?” అన్నాడు సురేంద్ర జీపులో. “నోర్ముయ్,” అంది హన్నమ్మ. దొంగ లెక్క రాసే మనిషి కాదు. ఇక మిగిలింది ఒకటే దారి. అది తలుచుకుని వారం పాటు ఆమెకు అన్నం సహించలేదు.

ఫిబ్రవరి చివర్లో చెప్పాపెట్టకుండా వెళ్లింది. షెడ్డులో కట్టర్ అరుస్తోంది, లోపల మనిషికి మనిషి కనపడటం లేదు. కమలాక్షమ్మ నవ్వుకుంటూ ఎదురొచ్చింది.

“చెప్పకుండా వచ్చినావేందక్కా? ఉండు, బకెట్టు తెస్తా.”

“ఇది తనిఖీ,” అంది హన్నమ్మ. నూనెమిల్లులో మాట్లాడిన గొంతు అది. “నీళ్లు చల్లగూడదు. పని ఆపగూడదు. ఆపితే నోటీసు ఇస్తా.”

కమలాక్షమ్మ మొహంలో నవ్వు అట్లాగే ఉండిపోయింది, పాపం, దాన్ని ఏం చేయాలో తెలియక. కాసేపటికి మజ్జిగ గ్లాసుతో వచ్చింది. “ఇదన్నా తాగు.”

తాగితే చుట్టమైపోతుంది. చుట్టమైతే బకెట్టు వస్తుంది. “వద్దు,” అంది హన్నమ్మ, అటు చూడకుండా. కమలాక్షమ్మ గ్లాసు తీసుకుని లోపలికి వెళ్లిపోయింది, మళ్లీ బయటికి రాలేదు. హన్నమ్మ సాయంత్రం దాకా ఆ దుమ్ములోనే మిషను పక్కన నిలబడింది. కాగితం సిమెంటు రంగుకు తిరిగింది. అనుకున్నది సాధించింది మహాతల్లి! సాధించి, నంద్యాల వచ్చేదాకా జీపులో ఏడ్చింది.

పథకం ఆళ్లగడ్డకే వచ్చింది. పైపులు బిగించిన తర్వాతి ఏడు హన్నమ్మ చూడటానికి వెళ్లింది. కట్టర్ మీద నీళ్లు ధారగా పడుతున్నాయి. వీరాచారి దగ్గు తెరిపిచ్చింది. లేచి రెండు చేతులూ జోడించాడు. కమలాక్షమ్మ ప్లాస్టిక్ కుర్చీ తెచ్చి, కొంగుతో తుడిచి వాకిట్లో వేసింది. హోటల్ నుంచి టీ తెప్పించి ప్లాస్టిక్ కప్పులో పోసిచ్చింది.

“కూచోండి మేడం.”

“కమలాక్షమ్మా, నేను హన్నమ్మను.”

“తెలుసు మేడం. టీ చల్లారిపోతాది, తాగండి.”

హన్నమ్మ తాగింది. శుభ్రంగా కడిగిన ఆ వాకిట్లో ఖాళీ కప్పు పడెయ్యడానికి మనసొప్పక, దాన్ని చేతిలో పట్టుకునే జీపెక్కింది.