ఉగాదికి చెప్పిన అంకె

మా ఇంట్లో ఏడాది ఉగాదికి మొదలవుతుంది. పోకర్ టోర్నమెంట్లలో ఆ సంవత్సరం ఎంత లాభం రావాలో నేను అంకె చెప్పేది కూడా ఆ రోజే.

అప్పటికి ఈ దేశంలో ఆన్‌లైన్ పోకర్ సైట్లు ఇంకా ఉన్నాయి. పెద్ద టోర్నమెంట్లన్నీ అవతలి దేశాల ఆదివారం సాయంత్రానికి పెడతారు. మెల్‌బోర్న్‌లో అది సోమవారం ఉదయం. అందుకని గోదాములో శనివారం షిఫ్టు అడిగి తీసుకుని, సోమవారం సెలవు పెట్టుకున్నాను. క్లైడ్ నార్త్‌లో మా వీధి వాళ్ళంతా చెత్త బిన్నులు బయట పెట్టి స్టేషన్ దారి పట్టే వేళకి, నేను స్నానం చేసి, ఇస్త్రీ చొక్కా వేసుకుని కంప్యూటర్ ముందు కూర్చునేవాణ్ణి. లుంగీతో కూర్చుని ఆడితే అది పేకాట అవుతుందని నా అభిప్రాయం.

మొదటి ఏడాది ఎనిమిది వేల డాలర్లు అనుకున్నాను, వచ్చింది. అందులో ఏడు వేలు ఒకే ఒక్క సోమవారం వచ్చినవే. టోర్నమెంటు సంగతే అంత. వెయ్యి మంది కూర్చుంటే వంద మందికి ఏదో కొంత ముడుతుంది, అసలు డబ్బు చివర మిగిలిన ముగ్గురు నలుగురిది. ఏడాదంతా బాగా ఆడి కూడా ఆ చివరి ముక్కలు పడకపోతే చేతికి ఏమీ రాదు. ఇది నాకు తెలియక కాదు. కానీ గెలిచినవాడికి గెలుపంతా తన చలవే అనిపిస్తుంది.

రెండో ఉగాదికి మా ఆవిడ పచ్చడి గిన్నె చేతికిస్తూ అడిగింది.

"ఈ ఏడు ఎంత?"

"ఇరవై వేలు."

"ఎట్ల లెక్క చేసినవ్?"

లెక్క చేయలేదు. పది అనడానికి నోరు రాలేదు, అంతే. మా ఊళ్ళో ఏ పనికి చందా రాసినా మొదటి అంకె మా తాతగారిది. మిగతా ఊరు దాన్ని చూసి తమ స్థాయి కొద్దీ రాసుకునేది. ఆ ఇంట్లో పుట్టినవాడు పది, పన్నెండు అని గొణగడం నామోషీగా తోచింది. పైగా ఆమె నవ్వుతున్నట్టు అనిపించి ఇంకో మాట కూడా అన్నాను. "ఆ అంకె చేరకపోతే వచ్చే ఉగాదికి ఖాతా మూసేస్తాను. మళ్ళీ ఈ ఆట జోలికి పోను."

ఆమెది కరీంనగర్ వైపు, కిరాణా వ్యాపారి కూతురు. ఇక్కడే క్లేటన్‌లో చదువుకునే రోజుల్లో పరిచయం. మా పెళ్ళికి మా వాళ్ళు వచ్చారు కానీ, దుకాణం వాళ్ళతో వియ్యమేమిటని మా మేనత్త పెళ్ళికూతురి వాళ్ళ చెవిన పడేలాగే అన్నది. నేను ఖండించలేదు. అది నా తప్పు. ఇప్పుడైనా ఒప్పుకుంటున్నాను.

ఆ సంవత్సరం బాగా సాగలేదు. దీపావళికి రెండు వేల లాభం, క్రిస్మస్‌కి అదీ సగమైంది. ఆట చెడిందని కాదు, చివరిదాకా వెళ్ళి వెనక్కి వచ్చేవాణ్ణి. అయితే అంకె ఒకటి నెత్తి మీద కూర్చుంటే మనిషి నిదానంగా ఆడలేడు. ప్రతి ముక్కలోనూ మిగిలిన పంతొమ్మిది వేలే కనిపించేవి.

ఆ ఎండాకాలంలోనే, అంటే ఇక్కడ జనవరిలో, మామగారు విజిటర్ వీసా మీద మూడు నెలలకి వచ్చారు. ఒక్కరే. అత్తగారు మరో కూతురి పురిటికి ఆగిపోయారు. సోమవారం పొద్దున నేను ఆడుతుంటే ఆయన టీ గ్లాసుతో వచ్చి నా వెనక కుర్చీ వేసుకున్నారు. పేకాడే అల్లుడని చీదరించుకుంటారేమోనని నేను మరింత నిటారుగా కూర్చున్నాను. రెండు గంటలు ఆయన తెర వైపే చూశారు. తర్వాత అడిగారు.

"ఒకటి అడుగుత, ఏమనుకోకుండ్రి అల్లుడుగారు. పొద్దుటి సంది మీరు పత్తాలు పారేస్తనే ఉన్నరు. ఆడుడు ఎప్పుడు?"

"ముక్కలు పారేయడమే ఆటలో ఎక్కువ భాగం, మామయ్యగారూ. మంచివి వచ్చేదాకా కూర్చోవాలి."

"గట్లనా!" ఆయనకి అది ఎంతో నచ్చింది. "మా దుకాణంల గూడ గంతే. పొద్దుందాక ఈగలు కొట్టుకుంట కూసునుడే. గిరాకి వచ్చినప్పుడు మాత్రం లేచి నిలబడాలె."

అప్పటినుంచి సోమవారాలు ఆయన నా పక్కనే. తెర మీది ఆటగాళ్ళ బొమ్మల్లో ఒక్కొక్కరికీ పేరు పెట్టారు. పెద్ద పెద్ద పందేలు కాసేవాణ్ణి "పటేలు" అనేవారు. "పటేలు మల్ల లేచిండు, జర పైలం!" అని హెచ్చరించేవారు. నేను ఓడిపోయి కంప్యూటర్ కట్టేస్తే, "అయిపాయె, తినుండ్రి" అని తాను కలిపిన ఆవకాయ అన్నం ముందు పెట్టేవారు. నా ఆటని ఒక పనిగా చూసిన మొదటి పెద్దమనిషి ఆయనే.

ఉగాదికి ముందు మిగిలిన ఆఖరి సోమవారం వచ్చింది. నా ఖాతాలో ఐదు వేల చిల్లర ఉంది. ఇంటి డబ్బు అందులో కలపకూడదని మేమిద్దరం అనుకున్న నియమం, కాబట్టి నా ఆటకి ఉన్నదంతా అదే. ఆ రోజు ఏడాదికోసారి పెట్టే పెద్ద టోర్నమెంటు ఉంది. ప్రవేశానికే ఐదు వేలు. ఎప్పుడూ యాభై, వంద డాలర్లకి మించి కట్టి ఆడినవాణ్ణి కాదు. అక్కడ కూర్చునేవాళ్ళు నాకన్నా ఎంతో ఆరితేరినవాళ్ళు. అయినా మొదటి పది స్థానాల్లో ఏది వచ్చినా నా ఇరవై వేలు నిండుతాయి. రాకపోతే చేతిలో ఉన్నదీ పోతుంది. ఆడకపోతే, నేనన్న మాట ప్రకారం వారం తిరగకముందే ఆట మానేయాలి.

తెర మీద పేరు నమోదు చేసే బొత్తాం దగ్గర బాణం గుర్తు పెట్టి చాలాసేపు కూర్చున్నాను.

"ఇయ్యాల గింత సేపు చూస్తున్నరు. ఎంతది?" అన్నారు మామగారు.

"ఐదు వేలు."

"డాలర్లా? రోజు యాభై, నూరే గద పెట్టేది. ఇయ్యాల ఏం పండుగ?"

ఉగాదికి చెప్పిన అంకె గురించి, మాట గురించి చెప్పాను. ఆయన గ్లాసు కింద పెట్టారు.

"నలభై ఏండ్లు దుకాణం నడిపిన అల్లుడుగారు. ఈ ఏడు గింత సంపాదిస్త అని ఒక్క ఏడన్న అనలే."

"మరి ఏమనుకునేవారు?"

"పొద్దుగాల ఆరింటికి షట్టరు లేపుత అనుకుంటుంటి. గిరాకి వచ్చుడు మన చేతుల లేదు. షట్టరు లేపుడు మన చేతుల ఉన్నది. దుకాణం మూసిన రోజులు మాత్రం క్యాలెండర్ల గీత పెట్టుకుంటుంటి. సంవత్సరానికి ఎన్ని గీతలు పడ్డయో గదే చూసుకునేది."

"మీకు చెల్లుతుంది. మా ఇంట్లో నోటి నుంచి వచ్చిన అంకె వెనక్కి తీసుకోం," అన్నాను. కొంచెం కటువుగానే వచ్చింది.

"గట్ల తీసుకోకుంటె ఏమైంది?"

ఎగతాళికి కాదు, తెలుసుకుందామనే అడిగారు. మా ఇల్లు ఎలా చితికిందో అంతవరకూ నేనెవరికీ చెప్పలేదు, మా ఆవిడకి కూడా పూర్తిగా చెప్పలేదు. ఆ పూట చెప్పాను. మా ఊరి రేవు పడవ హక్కుకి ఏటా వేలం. ఒక ఏడు మా తాతగారి మీద పక్క ఊరి ఆసామి పంతానికి పాడాడు. తాతగారు రెట్టింపు పాడారు. ఏడాదంతా గోదావరి దాటే జనం మొత్తం ఆయన పడవే ఎక్కినా రాని డబ్బు అది. ఆ పాట సొమ్ము కట్టడానికి రైస్ మిల్లు అమ్మారు. కొన్నవాళ్ళు అచ్చొచ్చిన పేరని బోర్డు మార్చలేదు. ఇప్పటికీ ఆ మిల్లు మీద మా ఇంటిపేరే ఉంది. మిల్లు మాత్రం మాది కాదు. ఈ కథని మేము పరువు నిలుపుకున్న కథగానే చెప్పుకుంటూ పెరిగాం.

మామగారు అంతా విన్నారు. "పాడిన పాట ఇడిసిపెడితే ఏమైతుండె?"

"పాటకి ముందు కట్టిన ధరావత్తు పోయేది."

"గంతేనా?"

"అంతే."

"ధరావత్తు పోతే పాయె. మిల్లు మిగులుతుండె గద, బిడ్డా."

ఎప్పుడూ 'అల్లుడుగారు' అనే మనిషి, ఆ ఒక్కసారి 'బిడ్డా' అన్నారు. మా తాతగారిని అనడానికి ఈయనెవరని ఒక్క క్షణం అనిపించిన మాట నిజం. లేచి వెళ్ళి వంటింట్లో మంచినీళ్ళు తాగాను. కిటికీలోంచి ఎదురింటివాళ్ళు కట్టుకుంటున్న గరాజ్ కనిపిస్తోంది. పనివాడొకడు తలుపు పైకీ కిందికీ లాగి చూసుకుంటున్నాడు. ఇంత చిన్న జవాబు మా ఇంట్లో మూడు తరాలుగా ఎవరికీ ఎందుకు తట్టలేదో ఆలోచించాను. తట్టే ఉంటుంది. అనే ధైర్యం ఎవరికీ ఉండి ఉండదు.

తిరిగి వచ్చి యాభై డాలర్ల టోర్నమెంట్లు రెండింటిలో కూర్చున్నాను. పెద్దదానికి నమోదు గడువు నేను ఆడుతుండగానే ముగిసింది. మామగారు అటు చూడనట్టే ఉన్నారు. మొదటిదాంట్లో త్వరగానే పోయాను. రెండోదాంట్లో పదకొండో స్థానం. నూట ఎనభై డాలర్లు వచ్చాయి.

ఉగాది నాడు మా ఆవిడ ఆఫీసు నుంచి పెందలాడే వచ్చింది. మామగారి ఎదుటే ఆమెతో చెప్పాను. నా జీవితంలో అంత కష్టంగా పలికిన మాటలు తక్కువ.

"అంకె చేరలేదు. చాలా దూరంలో ఆగిపోయాను. ఖాతా మూస్తానన్నాను కానీ మూయను. మాట తప్పుతున్నాను."

ఆమె చెంచా పక్కన పెట్టింది. "మానేయమని నేనెప్పుడన్న అన్ననా? ఆ డ్రామా అంత నువ్వే పెట్టుకున్నవ్. దీపావళి సంది మండే వచ్చిందంటె చాలు, ఇంట్ల ఎవరో పోయినట్టు మొఖం పెడ్తవ్. ఆ ఫేస్ చూసి చూసి ఐ వాస్ సో టయర్డ్, తెలుసా?"

"అల్లుణ్ణి గట్ల అంటరా?" అని మామగారు కూతురిని గదమాయించారు. నవ్వు ఆపుకోలేకపోయారు.

"బాపూ, నువ్వు ఊకో. మరి ఈ ఏడు ఎంత?" అంది నా వైపు తిరిగి.

"నలభై ఎనిమిది సోమవారాలు కూర్చుంటాను. వందకి మించి ఎక్కడా కట్టను. ఓడిన ఆటలు మర్నాడు తీసి చూసుకుంటాను. అంతకన్నా ఏమీ చెప్పను."

ఆమె "ఓకే, దిస్ ఐ కెన్ లివ్ విత్," అని అన్నం వడ్డించింది.

ఆ సంవత్సరం ఎంత వచ్చిందో ఇక్కడ రాయను. అడిగినవాళ్ళకీ చెప్పలేదు. నిదానంగా ఆడాను, ఆట మళ్ళీ రుచించింది. ఆ తర్వాత మరో రెండేళ్ళకి చట్టం మారి సైట్లు ఈ దేశం వదిలి వెళ్ళేదాకా అలాగే సాగింది. ఆట నా చేతిలోంచి పోవలసి వచ్చినప్పుడు మర్యాదగా పోయింది, నా పంతం వల్ల కాదు. అందుకు ఆ ముసలాయనకి ఎంత రుణపడ్డానో నాకే తెలుసు. మా ఇంటికి ఎవరో ఒకరు ఎప్పుడో చెప్పవలసిన మాటని, దుకాణం వాళ్ళని చిన్నచూపు చూసిన మాకు ఆయనే వచ్చి, కోపం లేకుండా చెప్పి వెళ్ళారు.

లాభం అంకె చెప్పని ఆ మొదటి ఏడాది చివర మామగారికి ఫోన్ చేసి లెక్క అప్పగించాను. నలభై ఎనిమిది అనుకుంటే నలభై ఐదే అయ్యాయి. ఒక సోమవారం పాప పుట్టింది. ఒక సోమవారం మా పేట మొత్తానికి నెట్ లేదు. మూడోది ఎండ బాగుందని అందరం సముద్రానికి వెళ్ళాం.

"పాప పుట్టింది గీత గాదు," అన్నారు మామగారు. "నెట్టు పోయింది గూడ గాదు, కరెంటు పోతే దుకాణం ఏం జేస్తది? సముద్రంది మాత్రం గీత రాసుకోండ్రి అల్లుడుగారు. గది మీ చేతుల ఉన్నదే."

రాసుకున్నాను.