కోటిలింగం చెయ్యి తిప్పి చూసిన వేడి

మద్రాసు పెరంబూరులో ఆ వీధి మొత్తానికి కోటిలింగం గొంతు తెలియని ఇల్లు లేదు. పాలు ఆలస్యమైతే ఆ గొంతు లేస్తుంది. అప్పడం విరిగినా లేస్తుంది. మనిషి మాత్రం వెన్న. అరిచిన పది నిమిషాలకి, తిట్లు తిన్నవాళ్ల ఇంటికే కాఫీ గ్లాసు పట్టుకుని పోతాడు.

ముప్పై నాలుగేళ్లు రైల్వే యార్డులో పనిచేశాడు. బండి వచ్చి ఆగగానే చక్రం చక్రానికీ వంగి, ఇరుసు వేడెక్కిందేమో చెయ్యి ఆనించి చూడాలి. అరచెయ్యి కాదు, చేతి వెనక వైపు. కాలితే దానంతటదే వెనక్కి వస్తుంది మరి! వేడి తగిలిందా, సుద్దతో గుర్తు పెట్టి ఆ పెట్టెను రిపేరు షెడ్డుకి పంపాలి.

కూతురు సింధూరి అంతోనిని చేసుకున్నప్పుడు వీధంతా చెవులు రిక్కించుకుని కూర్చుంది. వేరే మతమని కోటిలింగం పల్లెత్తు మాట అనలేదు. కానీ మొదటిసారి భోజనానికి వచ్చిన అల్లుడు, "లోకల్ ట్రైన్ లేటు మామా, రైల్వేవాళ్లు ఇంతే" అన్నాడు. ఇంకేముంది! ఆ అరుపులకి సింధూరి చారన్నం మధ్యలో లేచి, మొగుణ్ణి తీసుకుని వెళ్లిపోయింది. ఎనిమిది నెలలు ఇటు తొంగి చూడలేదు.

ఆ బెంగతోనే భార్య వరదలక్ష్మి ఆయన్ని ఊరి బయట పది రోజుల మౌన ధ్యానానికి పంపింది. అక్కడ కళ్లు మూసుకుని తల నుంచి కాలి దాకా ఒంట్లో ఏమవుతోందో చూస్తూ ఉండమన్నారు. ఇది నా పనే కదా అని కోటిలింగం తెగ సంబరపడ్డాడు. నాలుగో రోజు గురువుగారు పలకరించగానే లెక్క అప్పజెప్పాడు.

"ఎడం మోకాల్లో మంట, కుడి చెవి ఎనక దురద, నడుం పట్టేసుండాది. అన్నిటికీ గుర్తు పెట్టేసినా. షెడ్డుకి పంపేది ఎప్పుడు సామీ?"

ఆ పెద్దాయన కడుపు పట్టుకుని నవ్వాడట. "ఇక్కడ షెడ్డు లేదయ్యా. గుర్తు పెట్టకు, పంపకు. చూస్తూ ఉండు. వచ్చింది ఎంతసేపు ఉంటుందో, ఎలా పోతుందో అది చూడు."

షెడ్డు లేని యార్డు ఏమి యార్డని కోటిలింగం గొణుక్కుంటూనే మిగతా ఆరు రోజులూ కూర్చున్నాడు.

పోయిన ఆదివారం సింధూరి ఫోన్ చేసింది. "వస్తామమ్మా. ఈ తూరి నాయన అరిస్తే ఇంక నన్ను పిలవబాకండి."

వరదలక్ష్మి వంజరం చేపల పులుసు పెట్టింది కానీ, వడ్డిస్తున్నంతసేపూ ఒక కన్ను మొగుడి మీదే ఉంచింది. అందరూ సర్దుకుని కూర్చున్నారు. మాటల్లో మాటగా పాపం అంతోని, మామగారిని మెప్పిద్దామనే అన్నాడు.

"ఇప్పుడు రైళ్లలో అన్నిటికీ సెన్సార్లు మామా. చెయ్యి పెట్టి చూసే కాలం పోయింది."

సింధూరి చారన్నం కలపడం ఆపేసింది.

కోటిలింగానికి ముందు చెవుల కొసలు కాలాయి. తరువాత గొంతులో ముడి. రొమ్ములో దడదడ. ఎడం చెయ్యి పైకి లేచింది. వరదలక్ష్మి కళ్లు మూసుకుంది. ఆ చెయ్యి తిరగబడి, వెళ్లి ఆయన మెడకే ఆనింది.

వేడి. ఇంతకాలం ఊరి ఇరుసులన్నీ చూశాడు, ఇది ఎప్పుడూ చూడలేదు. చూస్తూ కూర్చున్నాడు. గొంతు ముడి ఇంకాస్త బిగిసింది, తరువాత మెల్లగా వదులైంది. చెవులు ఇంకా కాలుతూనే ఉన్నాయి. వేడి వేడిగానే ఉంది, అరుపు మాత్రం దాని వెంట రాలేదు.

"ఏమయ్యా, జొరమా?" అంది వరదలక్ష్మి.

"జొరం కాదే, కోపం. పోతా ఉండాది, ఉండు." అల్లుడి వైపు తిరిగాడు. "రాబ్బా, ఈడ చెయ్యి పెట్టు. అట్ట కాదు, తిప్పి పెట్టు."

అంతోని భయపడుతూనే ఎడం చెయ్యి తిప్పి మామగారి మెడకి ఆనించాడు. "ఆమా, నిజమే మామా! కాల్తా ఉండాది."

"నీ సెన్సార్ చెప్తాదా ఇది?"

ముందు సింధూరి కిసుక్కుమంది. తరువాత వరదలక్ష్మి గరిటె కింద పెట్టి కొంగుతో కళ్లు తుడుచుకుంది. అంతోని మాత్రం చెయ్యి తియ్యాలో ఉంచాలో తెలియక అట్లాగే ఉన్నాడు.

"నాయనా, ఇంకొంచెం చారు పోసేదా?" అంది సింధూరి.

ఆ రోజు ఆ పిల్ల మజ్జిగన్నం దాకా తిని లేచింది.