పటేల్ వాకిట్లో శారమ్మ చాప

బోధన్ పక్కన ఆ ఊళ్లో చెరుకు కొట్టే కూలీలకు శనివారం కూలి ముట్టేది. పటేల్ వాకిట్లోకి వచ్చి, ఆయన బయటికి వచ్చేదాకా కూర్చోవాలి. అరుగు మీద కాదు, పశువుల మూత్రంతో ఎప్పుడూ చిత్తడిగా ఉండే కింది నేల మీద. శారమ్మ పెళ్లయి వచ్చినప్పటి నుంచీ అక్కడే కూర్చునేది. తొంభై మూడులో చెరుకు బండి మీంచి పడి మోకాలు దెబ్బతిన్నాక మాత్రం, ఆ బురదలో కాలు ముడిచి కూర్చోవడం ఆమె వల్ల కాలేదు.

శారమ్మ తండ్రి దేవయ్య నులక మంచాలు అల్లేవాడు. పేనడం, అల్లడం ఆమెకు చిన్ననాడే చేతికొచ్చాయి. ఎరువుల దుకాణం వెనక పారేసిన చిరుగు సంచులు ఏరుకొచ్చి, కాలువలో వాసన పోయేదాకా ఉతికింది. ప్లాస్టిక్ పోగులు ఊడదీసి, తొడ మీద వేసి పేనింది. ఇంటి ముందు గూటాలు పాతి, నిలువు తాళ్లు బిగించి, తెల్లటి చాపకు పచ్చ అంచు వచ్చేలా నేసింది. దాని మీద నీళ్లు నిలవవు. బురద అంటినా దులిపితే పోతుంది.

ఆ శనివారం చాప చంకన పెట్టుకుపోయి, వాకిట్లో పరిచి, కాళ్లు బారజాపి కూర్చుంది.

మేస్త్రీ లింబాద్రి ఉరికొచ్చాడు. "ఏందే శారా గిది? పటేల్ ముందల సాపేసుకొని కూసుంటవా?"

"మోకాలు ముడుసుకుంటలేదు లింబాద్రన్నా. సాప నాది. పటేల్ది ఒక్క పోగన్న లేదు దీంట్ల."

లింబాద్రి చాప అంచును కాలితో ఎత్తబోయాడు. శారమ్మ రెండు చేతులా అదిమిపట్టింది. అంతలో పటేల్ అరుగు మీదికి వచ్చాడు. లింబాద్రి కాలు వెనక్కి తీసుకున్నాడు.

"లే," అన్నాడు.

"కూలి ఇయ్యుండ్రి పటేలా, లేస్త."

పటేల్ కూలి ఇప్పించాడు. "రేపటి నుంచి చెరుకుల అడుగు పెట్టకు" అని కూడా అన్నాడు. శారమ్మ నింపాదిగా లేచి, చాప దులిపి, చుట్టుకుని వచ్చేసింది.

ఇంట్లో భర్త ఏసుదానం లబోదిబోమని మొత్తుకున్నాడు. "మూసుకొని కూసోరాదా?"

"కూసున్న గదా! కూసున్నదే తప్పయింది."

మర్నాడు చర్చి నుంచి వస్తూ పక్కింటి గంగమ్మ గడపలో ఆగింది. "నాకొకటి నేసియ్యి అక్కా. నడుములు పోతున్నయి." ఆమె వెనక మరో ఇద్దరు వచ్చారు. శారమ్మ ఎవరినీ కాదనలేదు. చెరుకు కోత ముగియకముందే పటేల్ వాకిట్లో ఆడవాళ్లంతా చాపల మీద కూర్చున్నారు. అందరినీ వెళ్లగొడితే కోసేవాళ్లుండరు, కోసిన చెరుకు ఫ్యాక్టరీకి చేరకముందే ఎండిపోతుంది. పటేల్ పళ్లు కొరుక్కుని ఊరుకున్నాడు. శారమ్మను మాత్రం మళ్లీ పిలవలేదు. ఆమె అడగనూ లేదు.

చాపలు నెత్తిన పెట్టుకుని బోధన్ అంగడికి పోయింది. మొదటి రోజు ఒకాయన ముక్కు మూసుకుని, "యూరియా సంచులు గాదూ! కంపు గొడ్తయి" అన్నాడు. శారమ్మ చాప ఎత్తి ఆయన మొహం ముందు పెట్టింది.

"వాసన సూడు. సూసినంక మాట్లాడు."

ఆయన చూశాడు. కొనలేదు. పక్కనే నిలబడ్డ మరాఠీ బండివాడు కొన్నాడు, చెట్టు కింద పడుకోవడానికి. ఆ తర్వాత సరిహద్దు అవతల మహారాష్ట్ర నుంచి కూడా అడిగి వచ్చేవారు.

ఏడాది తిరిగేసరికి ఏసుదానం కూడా చెరుకు మానేసి, సైకిల్ మీద దుకాణాలు తిరిగి ఖాళీ సంచులు తేసాగాడు. హోటల్ దగ్గర ఎవరో నవ్వారట, పెండ్లాం కింద పనిచేస్తున్నావా అని.

"నువ్వేమన్నవ్?" శారమ్మ అడిగింది.

"గిసోంటి పెండ్లాం నీకు దొర్కితే నువ్వు గూడ చెయ్యి అన్న."

శారమ్మ నవ్వు ఆపుకోలేకపోయింది. నవ్వుతూనే పోగు కొస ఆయన చేతికిచ్చి, గట్టిగా పట్టుకోమంది.