మూడోసారి కారిన లిఫ్టు

ఎల్బీనగర్ చౌరస్తా దాటాక సాగర్ రోడ్డు పక్కన జానయ్యకు రేకుల షెడ్డు ఉంది. నల్లగొండ పల్లె నుంచి పదహారేళ్లప్పుడు వచ్చి, పాత ట్రాక్టర్లు బాగుచేస్తూనే యాభై దాటాడు. చేసిన పని మళ్లీ వెనక్కి వస్తే ఆయనకు అన్నం సహించదు.

సకల జనుల సమ్మె రోజులు. హయత్‌నగర్ అవతల కౌలుకు ఆకుకూరలు పండించే జోగారావు ఫోన్ చేశాడు. కృష్ణా జిల్లా మనిషి.

"మళ్లీ కారుతోందండీ. లిఫ్టు చేతుల దగ్గరే."

అంతే, పెట్టేశాడు.

జోగారావు ట్రాక్టర్ వెనక కల్టివేటర్‌ను ఎత్తే లిఫ్టు చేతులు తిరిగే షాఫ్టు అది; ఆయిల్ కారకుండా దానికుండే సీళ్లు అప్పటికే రెండుసార్లు మార్చాడు జానయ్య. ఆ పొద్దు సమ్మె శిబిరంలో కూర్చున్నాడే గాని, ఉపన్యాసం ఒక్క ముక్కా చెవికెక్కలేదు. సీలు వంకరగా కూర్చుందా? షాఫ్టే అరిగిందా? లేచి ఇంటికొచ్చాడు, బయటికెళ్లాడు, మళ్లీ వచ్చాడు.

"ఏంది గట్ల తిరుగుతున్నవ్? పోయి సూసి రారాదు" అంది భార్య కౌసల్యమ్మ.

"సమ్మెల ఆంధ్రాయన పనికి పోయిండంటరేమో."

"అంటే అననీ. నువ్వు జేసిన పనే గద."

స్కూటర్ మీద పానాల సంచి పెట్టుకుని బయల్దేరాడు. రెండు చోట్ల రాస్తారోకో. సందులన్నీ తిరిగి, అరగంట దారికి గంటన్నర పట్టింది.

జోగారావు పలకరించాడు గాని దగ్గరకు రాలేదు, గట్టునే నిలబడ్డాడు. షాఫ్టు విప్పబోయి జానయ్య ఆగాడు. రెండుసార్లూ తడి కనబడ్డ చోటే విప్పాడు. ఈసారి వెనక భాగమంతా డీజిల్‌తో కడిగి, గుడ్డతో పొడిగా తుడిచి, "ముఖానికి రాసుకునే పౌడరుంటే జర ఇయ్యుండ్రి" అన్నాడు. డబ్బా రాగానే తెల్లగా చల్లి, ఇంజన్ వేసి, కల్టివేటర్‌ను పైకెత్తాడు.

షాఫ్టు దగ్గర తెలుపు తెలుపుగానే ఉంది. జానయ్య కాలు ఒకచోట నిలవలేదు. పది నిమిషాలకు సీటు కింద పైపు మలుపులో పౌడరు నల్లబడింది. వెంట్రుకంత పగులు. అక్కడ ఊరిన ఆయిల్ అంచు వెంట పాకి షాఫ్టు మీదికి దిగుతోంది.

"తప్పు నాదే సార్. కారేది పైన. కింద తడి జూసి మంచి సీళ్లు మార్చిన."

జోగారావు వచ్చి వంగి చూశాడు.

"నేనూ తప్పు చేశానండీ. ఈ గొడవల్లో నా పని మీరు కావాలనే సరిగా చెయ్యట్లేదనుకున్నాను."

జానయ్య చేతిలోని గుడ్డ పక్కన పెట్టాడు.

"తెలంగాణ నాక్కావాలె. మీ బండి చెడగొడితే వస్తదా అది? గా మాట మొదలే అడగాలె గద."

"అడగాల్సిందండీ."

కల్టివేటర్ దించి, ఇంజన్ ఆపి, పైపు ఊడదీశాడు. షాపులన్నీ బంద్. దిల్‌సుఖ్‌నగర్‌లో తెలిసిన గ్యాస్ వెల్డింగ్ ఆయన్ను ఇంటి నుంచి లాక్కొచ్చి, షట్టర్ సగం ఎత్తించి పగులు అతికించుకొచ్చాడు. పైపు బిగించి, కల్టివేటర్ ఎత్తి, ఇంజన్ ఆపి, ఇద్దరూ గట్టు మీద కూర్చుని చూశారు. పొద్దు వాలేదాకా అది దిగలేదు, చుక్క రాలలేదు.

అయినా జానయ్య మనసు కుదుటపడలేదు. మర్నాడు శిబిరానికి పోయేముందు మళ్లీ వెళ్లాడు. దున్నుతున్న జోగారావు కారడం లేదన్నట్టు దూరం నుంచే చెయ్యి అడ్డంగా ఊపాడు. జానయ్య వినలేదు. ట్రాక్టర్ ఆపించి, మలుపు కింద వేలు పెట్టి తడిమి చూసుకున్నాకే స్కూటర్ తిప్పాడు.