మృగశిర దాకా బీరువాలోనే

చక్రపాణికి జాగ్రత్త ఎక్కువ. ఎంత ఎక్కువంటే, వీధి తలుపుకి తాళం వేసి, రెండడుగులు నడిచి, వెనక్కొచ్చి తాళం లాగి చూసి, చాలక భార్య కామేశ్వరిని కూడా ఓసారి లాగమనేవాడు. భీమవరం నుంచి వచ్చి జీడిమెట్లలో ఓ మందుల ఫ్యాక్టరీ స్టోర్స్‌లో కుదురుకున్న మనిషి. కొంపల్లిలో ఇల్లు కట్టుకున్నాక సెకండ్ హ్యాండ్ మారుతి ఒకటి కొన్నాడు. దాంతో ఆయన జాగ్రత్తకి చేతినిండా పని దొరికింది.

అన్నిటికన్నా బెంగ వైపర్ల మీద. చెట్టన్నది లేని కొత్త కాలనీ కావడంతో మొదటి వేసవికే రబ్బరు ఎండి పెళుసెక్కిపోయింది. కొత్తవి వేయిస్తే, సుచిత్ర సెంటర్‌లో కూరగాయలు కొనుక్కుని వచ్చేలోగా ఎవడో పీక్కుపోయాడు. ఆ దెబ్బతో ఆయన ఒక పద్ధతి పెట్టుకున్నాడు. శివరాత్రి వెళ్లగానే మళ్లీ కొన్న బ్లేడ్లు రెండూ ఊడదీసి, రబ్బరు మెత్తగా ఉండాలని కొబ్బరినూనె పట్టించి, పాత చీర ముక్కలో చుట్టి బీరువాలో పెట్టేశాడు. మళ్లీ మృగశిర కార్తె నాడే తీయడం. అప్పటిదాకా అద్దం ముందు వట్టి ఇనప కాడలే.

"నగలు పెట్టుకునే అరలో ఈ రబ్బరు ముక్కలేంటండీ?" అని కామేశ్వరి విసుక్కుంటే, "వానొస్తే తెలుస్తుందిలే వాటి విలువ" అన్నాడు.

వాన రానే వచ్చింది. కాకపోతే మృగశిరకి కాదు, రోళ్లు పగిలే మే నెలలో, కూతురు సుప్రజ మెడిసిన్ ఎంట్రన్స్ రోజున వచ్చింది.

ఆ పిల్ల ఆ పరీక్ష కోసం రెండేళ్లు నిద్ర మానుకుని చదివింది. ఇంట్లో టీవీకి గుడ్డ కప్పేసి ఉంచారు. సెంటర్ శామీర్‌పేట అవతల ఓ కాలేజీలో పడింది. మధ్యాహ్నం పరీక్షకి పొద్దెక్కగానే బయల్దేరదీశాడు చక్రపాణి. హాల్ టికెట్, దాని జిరాక్సులు, పెన్నులు, గ్లూకోజు, గాలి కొట్టే పంపు, ఆఖరికి దారిలో దేవుడికి కొట్టడానికి కొబ్బరికాయ కూడా సర్ది కదిలేసరికి పన్నెండైంది. సుప్రజే నవ్వుతూ, "బస్సులో అయితే ఇవన్నీ అక్కర్లేదు నాన్నా" అంది.

"బస్సుల్ని నమ్ముకుంటే అయినట్టే" అన్నాడాయన.

మేడ్చల్ దాటి శామీర్‌పేట రోడ్డెక్కేసరికి ఆకాశం నల్లబడింది. బ్లేడ్లు బీరువాలో ఉన్నాయని చక్రపాణికి అప్పుడే గుర్తొచ్చింది. ఆయన నోరు విప్పేలోగా వాన విరుచుకుపడింది. అద్దం మీద నీళ్లు తప్ప ఏమీ కనిపించలేదు. కంగారులో అలవాటుకొద్దీ వైపర్ స్విచ్చి నొక్కాడు. వట్టి కాడలు కర్రుమంటూ అటూ ఇటూ తిరిగి అద్దం మీద రెండు వంకర గీతలు గీశాయి.

"ఆపు నాన్నా!" అని సుప్రజ చెవులు మూసుకుంది.

కిటికీలోంచి చెయ్యి చాపి తువ్వాలుతో తుడిచాడు. తుడిచినంత మేరా వెంటనే నీళ్లు. తల బయటపెట్టి నడపబోతే ముందు చక్రం రోడ్డు దిగి బురదలో కూరుకుపోయింది. వెనకాల మోపెడ్ మీద చేపల బుట్ట కట్టుకుని తడుస్తూ వస్తున్న ఒకాయన బండి ఆపాడు. పేరు బాలనర్సయ్య. శామీర్‌పేట చెరువులో చేపలు పట్టుకునే మనిషి.

"ఏంది సారూ, గిట్ల దిగబడ్డవ్? యాడికి పోవాలె?"

సంగతి విని ఆయన బుట్ట విప్పి కింద పెట్టేశాడు. "అయ్యో, పరీచ్చనా! బిడ్డా, జల్దీ ఎక్కు. నేను దించొస్త. నీ కారు ఇగ ఇప్పట్ల లేవది."

సుప్రజ డోర్ తెరిచింది. చక్రపాణి ఆమె చెయ్యి పట్టుకున్నాడు. మనిషి తెలియదు, రోడ్డు జారుడు, ఎదిగిన ఆడపిల్ల. ఆయన జాగ్రత్తంతా ఆ చేతిలోకి వచ్చేసింది. "కొంచెం ఆగమ్మా, తగ్గిపోతుంది" అన్నాడు.

"తగ్గదు నాన్నా. నన్ను పంపు."

"కొంచెం ఆగు."

అరగంటైనా వాన తగ్గలేదు. బాలనర్సయ్య మాత్రం వెళ్లిపోకుండా తడుస్తూ అక్కడే నిలబడ్డాడు. సుప్రజ ఏడుపు మొదలుపెట్టాక గానీ చక్రపాణి పట్టు సడలలేదు. పిల్ల హాల్ టికెట్ జాకెట్టులో దోపుకుని మోపెడ్ ఎక్కింది. వాళ్లు ఎటు పోయారో కూడా ఆయనకి కనిపించలేదు. ఆ నీళ్ల అద్దం వెనక కూర్చుని, మొక్కిన దేవుళ్లందరికీ మళ్లీ మొక్కాడు. అంతకుమించి చేయగలిగింది లేకపోయింది.

వాన వెలిశాక నలుగురూ తోస్తే కారు కదిలింది. కాలేజీకి వెళ్లేసరికి మూసిన గేటు బయట గట్టు మీద సుప్రజ కూర్చుని ఉంది. పక్కన బాలనర్సయ్య.

"మస్తు బతిమాలిన సారూ, తియ్యలే. జర ముందుగాల బయలెల్లుంటే అందుతుంటిమి" అన్నాడాయన. నింద వేయడానికి అన్న మాట కాదది. అయినా చక్రపాణి కూతుర్ని పట్టి ఆపిన తన చేతిని చూసుకున్నాడు.

సుప్రజ ఇల్లు చేరేదాకా అద్దం మీది గీతల్నే చూస్తూ కూర్చుంది.

మృగశిర నాడు ఆయన బీరువాలోంచి మూట తీశాడు. నూనె తాగిన రబ్బరు ఉబ్బిపోయి, గుడ్డకి అంటుకుపోయింది. బిగించి, కామేశ్వరి చెంబుతో నీళ్లు పోస్తుంటే స్విచ్చి వేశాడు. అద్దమంతా జిడ్డు పులుముకుంది. అవతల ఉన్న భార్య కూడా ఆయనకి కనిపించలేదు. అంటే ఆ రోజు ఇవి వెంట ఉన్నా ఇంతే. అది తెలిసి మనసు తేలికపడుతుందేమోనని ఒక్క క్షణం చూశాడు. పడలేదు. స్టీరింగ్ మీద తల ఆనించి ఏడ్చాడు.

ఆ మర్నాడే సుచిత్రలో కొత్త బ్లేడ్లు వేయించాడు. ఎండ వచ్చినా, దొంగలు వచ్చినా మళ్లీ ఊడదీయలేదు.

మరుసటి ఏడు సుప్రజ మళ్లీ పరీక్షకి కట్టింది. పరీక్ష రోజు ఆకాశంలో మబ్బు తునకైనా లేదు. చక్రపాణి తెల్లారగట్లే కారు కడిగి, అద్దం తుడిచి, వైపర్లు రెండుసార్లు తిప్పి చూసుకుని, తాళంచెవి పట్టుకుని గేటు దగ్గర నిలబడ్డాడు. సుప్రజ చెప్పులేసుకుని వచ్చి ఆయన కాళ్లకి దణ్ణం పెట్టింది.

"నేను బస్సులో వెళ్తాను నాన్నా" అంది.