మేకలు మేసిన ఫైర్‌లైను

అరవైల మొదట్లో నాకు ఫారెస్టు గార్డు ఉద్యోగం వచ్చింది. గుమ్మఘట్ట అవతల ఒక గుట్టను అప్పగించారు. చెట్లు తక్కువ, గడ్డి ఎక్కువ. ఎండలు ముదిరితే ఏటా కాలేది. ఎందుకు కాలుతుందంటే ఊళ్లో కొందరు కొరివిదయ్యమన్నారు, కొందరు తేనె తీసేవాళ్ల కాగడా అన్నారు. కొత్త చిగురు కోసం మేకలవాళ్లే అంటిస్తారని నేను తేల్చేశాను. ఖాకీ బట్టలు వేసుకున్నాక తేల్చడం ఎంతసేపు?

ఒక మధ్యాహ్నం గుట్టమీద ఆకలై, నాలుగు పుల్లలు పోగేసి శనక్కాయలు కాల్చుకు తిన్నాను. తాగడానికే నీళ్లు చాలని చోట నిప్పుమీద పోయడానికి మనసొప్పలేదు. బూటుతో తొక్కి, నీడలో కునుకు తీశాను. పొగకు దగ్గుతూ లేచేసరికి గడ్డి భగ్గుమంటోంది. ఊరంతా కానుగ కొమ్మలతో వచ్చి బాదితే సాయంత్రానికి ఆరింది. సగం గుట్ట నల్లబడింది.

మర్నాడు సిగ్గులేకుండా పుస్తకం, పెన్ను పట్టుకుని మేకలవాళ్లను విచారించాను. వాళ్లలో ఒక ముసలావిడ కొంగుముడి విప్పి, మాడిన శనక్కాయ పొట్టు నా పుస్తకంలో పోసింది.

"శనక్కాయలు కాల్చుకొని తినే దయ్యం ఎట్లుంటాదో అనుకుంటి. ఈడనే చూస్తాండా" అంది నెమ్మదిగా.

పుస్తకం మూసేశాను. తక్కినవాళ్లను పంపేసి, ఈ సంగతి పైవాళ్లకు చెప్పకుండా ఉండాలంటే అని ఆవిడ ఒక్క షరతు పెట్టింది. ఎండాకాలానికి ముందే గుట్ట అడుగున మేకలను మేయనివ్వాలి. మేక కాలు పెట్టకూడదని రూలు ఉందన్నాను.

"గడ్డి ల్యాకుంటే అగ్గి ఏం తింటాదప్పా?" అంది.

రూలు పక్కనబెట్టి సరేనన్నాను. వానలు వెనకబట్టాక మేకలు గుట్ట పొడుగునా ఒక పట్టీ నున్నగా మేశాయి. మిగిలిన గడ్డిని ఆడవాళ్లు కోసుకుపోయారు. ఎండుటాకులు నేనే ఊడ్చాను. ఆవిడ బండమీద కూర్చుని, అక్కడ వదిలావు, ఇక్కడ వదిలావు అని చూపించేది.

ఆ వేసవిలో బండ్లబాట పక్కన ఎవరో పారేసిన బీడీకి గడ్డి అంటుకుంది. మంట ఎగబాకుతూ వచ్చి మా పట్టీ దగ్గర ఆగిపోయింది. పైన గుట్ట కాలకుండా మిగిలింది.

రేంజరుగారు వచ్చి ఆ పట్టీ చూసి, మంటను ఆపే ఈ ఫైర్‌లైను ఇంత శుభ్రంగా ఎవరు చేశారని అడిగారు. ఊరి ఆడవాళ్లు చేశారన్నాను. ఆయన కాలెత్తి బూటుకు అంటిన మేకపెంటికలు చూశారు, తర్వాత నన్ను చూశారు.

"చాలామందే పనిచేసినట్టున్నారు" అన్నారు.

నేను ఆకాశంకేసి చూశాను. వచ్చే ఏడు అవతలి వైపు కూడా చేయించమని చెప్పి జీపెక్కారు. కాగితం మీద మాత్రం ఒక్క ముక్క రాసివ్వలేదు.